ఐఎన్‌ఎస్ తబర్ ముంచింది దొంగల ఓడనా, చేపల పడవనా?

మీరు అడిగినవి మూడు. 2008లో మన నౌకాదళపు యుద్ధనౌక తబర్ ముంచింది సముద్రపు దొంగల ఓడనా, లేక థాయిలాండ్ వాళ్ల చేపల పడవనా? ఆ ఒక్క ఘటన తప్ప ఈ ఫ్రిగేట్ (మధ్యస్థాయి యుద్ధనౌక) ఇరవై ఏళ్లలో చేసిందేమిటి? ఇంకెంతకాలం ఉంటుంది? నేను తబర్ మీద పనిచేయలేదు. గ్యాస్ టర్బైన్లతో నడిచే యుద్ధనౌకల ఇంజిన్ రూముల్లో చాలాకాలం గడిపినవాణ్ని. కాబట్టి జవాబులో ఇంజిన్ల ప్రస్తావన కొంచెం ఎక్కువగానే ఉంటుంది, ఓపిక పట్టండి.

మొదటిదానికి సూటి జవాబు: రెండూ నిజమే. అది చేపల పడవ, అదే రోజు దొంగల చేతిలో పడిన పడవ. ఇది "ఎవరు అబద్ధం చెప్పారు" అనే వాదన కాదు. ఆ రాత్రి తబర్ వాళ్లకు కనిపించింది ఎంత, ఆ తర్వాత ప్రపంచానికి తెలిసింది ఎంత అన్నదే అసలు తేడా.

ఓడ పుట్టుక గురించి క్లుప్తంగా. 1997 నవంబరులో భారత్ రష్యాతో మూడు ఫ్రిగేట్లకు ఒప్పందం చేసుకుంది. సోవియట్ కాలపు క్రివాక్ తరగతిని బాగా మార్చి సెవెర్నోయె డిజైన్ బ్యూరో గీసిన నమూనా ఇది, ప్రాజెక్ట్ 11356. మూడూ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని బాల్టిక్ షిప్‌యార్డ్‌లో తయారయ్యాయి. తొలి ఓడ తల్వార్ ఏడాదికి పైగా ఆలస్యమైంది. ష్టిల్ అనే విమాన విధ్వంసక క్షిపణి వ్యవస్థ పరీక్షల్లో మొరాయించింది, అది సరయ్యేదాకా మనవాళ్లు ఓడను తీసుకోలేదు. చివరికి తల్వార్, త్రిశూల్ 2003 జూన్‌లో వారం తేడాతో నౌకాదళంలో చేరాయి. తబర్ 2004 ఏప్రిల్ 19న చేరింది. అక్కలిద్దరూ పడ్డ తిప్పల వల్ల ఇది కాస్త సాఫీగా బయటపడిందని చెప్పాలి.

పొడవు దాదాపు 125 మీటర్లు, నిండు బరువు నాలుగు వేల టన్నుల పైచిలుకు. ముందు 100 మిల్లీమీటర్ల ఫిరంగి, దాని వెనుక ష్టిల్ లాంచర్, నిలువుగా పేల్చే ఎనిమిది క్లబ్ క్షిపణులు, జలాంతర్గాముల మీదికి రాకెట్ లాంచరు, టార్పీడోలు, దగ్గరికొచ్చిన క్షిపణుల్ని కూల్చడానికి రెండు కష్తాన్ వ్యవస్థలు, వెనకాల ఒక హెలికాప్టర్. దీన్ని తయారుచేసింది శత్రు నౌకాదళంతో తలపడటానికి. కానీ ఇప్పటిదాకా దీని నిప్పుకు ఎదురుగా నిలబడింది తుపాకులు పట్టుకున్న కొందరు మనుషులున్న చెక్కముక్కంత పడవ ఒక్కటే. ఆధునిక ఫ్రిగేట్ల జీవితాలు చాలావరకు ఇలాగే ఉంటాయి.

ఇక 2008. ఆ ఏడాది యెమెన్, సోమాలియాల మధ్యనున్న ఏడెన్ గల్ఫ్ పరిస్థితి ఊహించుకోవాలంటే కొన్ని సంగతులు గుర్తు చేసుకోవాలి. సెప్టెంబరు 15న స్టోల్ట్ వేలర్ అనే రసాయనాల ట్యాంకరును సోమాలీ దొంగలు పట్టుకున్నారు. అందులో ఉన్న 22 మందిలో 18 మంది భారతీయులు. పది రోజులకే ఫైనా అనే ఓడ, అందులో 33 టి-72 యుద్ధ ట్యాంకులతో సహా, వాళ్ల చేతికి చిక్కింది. నావికుల కుటుంబాలు, వాళ్ల సంఘాలు ఢిల్లీ మీద ఒత్తిడి పెంచాయి. అక్టోబరులో ప్రభుత్వం ఒక యుద్ధనౌకను ఆ మార్గంలో కాపలాకు పంపడానికి ఒప్పుకుంది. అలా వెళ్లిన మొదటి ఓడ తబర్. నౌకాదళం ఆ రోజు మొదలుపెట్టిన కాపలా ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆగలేదు. ఒక ఓడ తిరిగొస్తుంటే ఇంకో ఓడ బయల్దేరేది.

నవంబరు 11న ఒకే రోజు రెండు దాడుల్ని తబర్ అడ్డుకుంది. మొదటిది ఎన్‌సీసీ తిహామా అనే సౌదీ ఓడ మీద, రెండోది జగ్ అర్నవ్ అనే మన సరుకు ఓడ మీద. జగ్ అర్నవ్ నుంచి సహాయం కోసం కేక వినబడగానే తబర్ హెలికాప్టరును లేపింది. అందులో మార్కోస్ కమాండోలు ఉన్నారు. హెలికాప్టరును చూడగానే దొంగలు పడవలు తిప్పుకుని వెళ్లిపోయారు. ఇలాంటి పనిలో ఫ్రిగేట్‌కు అసలు ఆయుధం హెలికాప్టరే. ఓడ ముప్పై నాట్ల వేగంతో (గంటకు ముప్పై నాటికల్ మైళ్లు) వచ్చినా ఇరవై అయిదు నాటికల్ మైళ్లు దాటడానికి యాభై నిమిషాలు పడుతుంది. దొంగలకు నిచ్చెన వేసి పైకెక్కడానికి పావుగంట చాలు. డెక్ మీదికి ఎక్కేశాక కథ మారిపోతుంది, అప్పుడు సిబ్బంది బందీలు. కనుక ఎక్కకముందే అక్కడికి చేరాలి, అది ఎగిరేదానికే సాధ్యం.

నవంబరు 18 సాయంత్రం ఒమన్‌లోని సలాలాకు నైరుతిగా 285 నాటికల్ మైళ్ల దూరంలో తబర్‌కు ఒక ఓడ కనిపించింది. వెనకాల రెండు స్పీడ్ బోట్లు. దొంగల మదర్ షిప్ (చిన్న పడవల్ని వెంటబెట్టుకుని వచ్చే పెద్ద ఓడ) గురించి అప్పటికే ఆ ప్రాంతంలో తిరుగుతున్న వర్ణనకు ఇది సరిపోయింది. తనిఖీకి ఆగమని తబర్ పిలిచింది. దగ్గరికొస్తే మీ ఓడను పేల్చేస్తామని అటునుంచి జవాబు. డెక్ మీద తుపాకులు, రాకెట్ లాంచర్లు పట్టుకున్న మనుషులు అటూ ఇటూ తిరుగుతున్నారు. మళ్లీ పిలిస్తే కాల్పులు మొదలయ్యాయి. ఆత్మరక్షణ కోసం తబర్ ఎదురుకాల్పులు జరిపింది. ఆ ఓడకు నిప్పంటుకుంది. లోపల దాచిన మందుగుండు వల్ల కాబోలు, పేలుళ్లు జరిగాయి. ఓడ మునిగిపోయింది. స్పీడ్ బోట్లు చీకట్లో పారిపోయాయి, వాటిలో ఒకటి తర్వాత ఖాళీగా దొరికింది. ఇది నౌకాదళం చెప్పిన కథనం. 

మర్నాడు ప్రపంచమంతా చప్పట్లు. వారం తిరగకుండానే రెండో సగం బయటపడింది. మునిగింది ఎకవత్ నవ 5 అనే ట్రాలర్ (వల లాగుతూ చేపలు పట్టే పడవ) అని, థాయి కంపెనీదని, ఒమన్ నుంచి యెమెన్ వైపు వెళ్తుంటే అదే రోజు ఉదయం దొంగలు దాన్ని పట్టుకున్నారని యజమాని ప్రకటించాడు. సముద్రపు దొంగతనాల వివరాలు సేకరించే అంతర్జాతీయ మారిటైమ్ బ్యూరో కూడా దాన్నే ధ్రువీకరించింది. సిబ్బందిలో ఒకతను రోజుల తరబడి నీళ్లలో కొట్టుకుపోయి, దారిన పోయే ఓడకు దొరికాడు. మిగతావాళ్లలో అత్యధికుల ఆచూకీ తెలియలేదు.

ఈ వార్త మన దేశంలో చాలామందికి గుర్తులేకపోవడానికి కారణం తారీఖు. ట్రాలర్ సంగతి బయటికొచ్చింది నవంబరు 25, 26 తేదీల్లో. 26 రాత్రి ముంబై మీద దాడి జరిగింది. ఆ తర్వాత వారాలపాటు పత్రికల్లో వేరే దేనికీ చోటు లేదు. ఇందులో ఇంకో విచిత్రం చూడండి. ముంబై మీదికి వచ్చినవాళ్లు కూడా ఒక చేపల పడవనే పట్టుకుని వచ్చారు. కుబేర్ అనే గుజరాత్ పడవ అది. పది రోజుల వ్యవధిలో రెండు చేపల పడవలు ఆయుధాలున్నవాళ్ల చేతిలో పడ్డాయి. ఒకదాన్ని మన నౌకాదళం అనుమానించి ఆపబోయి ముంచింది. రెండోదాన్ని ఎవరూ అనుమానించలేదు. కాపలా కాసేవాడికి ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో ఒడ్డున కూర్చుని చెప్పడం తేలిక.

మరి తబర్‌ది తప్పా? నా అభిప్రాయం చెబుతాను. కాల్పులు జరుపుతున్న ఓడ మీద తిరిగి కాల్చడానికి కమాండింగ్ ఆఫీసరుకు హక్కు ఉంది. రాకెట్ లాంచరు యుద్ధనౌకను ముంచలేకపోవచ్చు గానీ బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద ఉన్నవాళ్లను చంపగలదు, హెలికాప్టరును కూల్చగలదు. ఆ నిమిషంలో ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. తప్పు అంతకు ముందున్న ఏర్పాటులో ఉంది. ఎకవత్ నవ 5ను దొంగలు పట్టుకున్న కబురు ఉదయమే పుట్టింది. అది సాయంత్రానికి తబర్ బ్రిడ్జి మీదికి చేరి ఉంటే, ఎదురుగా కనిపిస్తున్న ట్రాలర్ లోపల బందీలున్నారని తెలిసేది. అప్పట్లో ఏడెన్ గల్ఫ్‌లో ఎవరి నౌకాదళం వారిదే. అమెరికా నాయకత్వంలోని సంకీర్ణం ఒకవైపు, నాటో ఒకవైపు, రష్యా, భారత్ విడివిడిగా. వీళ్లందరూ ఒక బల్ల దగ్గర కూర్చుని సమాచారం పంచుకునే సమావేశాలు బహ్రెయిన్‌లో మొదలైంది ఆ డిసెంబరులో. వాణిజ్య నౌకలన్నీ గుంపుగా వెళ్లే ప్రత్యేక దారి అమల్లోకి వచ్చింది 2009 ఫిబ్రవరిలో. రెండూ కొన్ని వారాలు ఆలస్యం.

ఇంకో మాట. మదర్ షిప్ అనే పేరు వినగానే దొంగలు డబ్బు పెట్టి కొనుక్కున్న ఓడ అనుకుంటాం. అలా ఉండదు. వాళ్ల చిన్న పడవలకు ఇంధనం తక్కువ, తీరం నుంచి ఎక్కువ దూరం రాలేవు. అందుకని పెద్ద చేపల పడవనో, ధౌ అనే అరబ్బుల సరుకు పడవనో పట్టుకుని, దానిలో డీజిలు, నిచ్చెనలు, తిండి నింపి, తమ చిన్న పడవల్ని వెనక కట్టుకుని నడిసముద్రంలోకి వస్తారు. దాన్ని నడపడానికి పాత సిబ్బందినే వాడుకుంటారు. అంటే మదర్ షిప్ అనేది దాదాపు ఎప్పుడూ బందీలున్న ఓడే. 2008 నవంబరు నాటికి ఈ విషయం తెలియదని కాదు, కానీ కాల్పుల నియమాల్లోకి అది ఇంకా ఇంకలేదు. తర్వాత ఇంకింది.

ఆ తేడా చూడాలంటే 2024 మార్చి చూడండి. ఎంవీ రువెన్ అనే సరుకు ఓడను అంతకు మూడు నెలల ముందు దొంగలు పట్టుకుని, దాన్నే మదర్ షిప్‌గా వాడుతున్నారు. ఐఎన్‌ఎస్ కోల్‌కతా దాన్ని అడ్డగించింది. దొంగలు ఓడ మీద కాల్పులు జరిపారు, నిఘా డ్రోనును కూల్చేశారు. కోల్‌కతా ఆ ఓడను ముంచలేదు. స్టీరింగు పనిచేయకుండా చేసి ఆపేసింది. పైనుంచి పి-8ఐ నిఘా విమానం కళ్లార్పకుండా చూస్తూ ఉంది. సి-17 రవాణా విమానం రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి వచ్చి మార్కోస్‌ను, వాళ్ల పడవల్ని సముద్రంలోకి దించింది. నలభై గంటల తర్వాత 35 మంది దొంగలూ లొంగిపోయారు, 17 మంది సిబ్బందికి గీత కూడా పడలేదు. పట్టుకున్నవాళ్లను ముంబై తెచ్చి 2022 నాటి సముద్ర దొంగతనాల నిరోధక చట్టం కింద కేసు పెట్టగలిగారు. 2008లో తబర్‌కు పైన అలాంటి విమానం లేదు, ఇంటి దగ్గర అలాంటి చట్టమూ లేదు. ఈ రెండు రాత్రుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే గానీ తబర్ ఘటన అర్థం కాదు.

తబర్ స్థానంలోకి వెళ్లిన ఐఎన్‌ఎస్ మైసూర్ డిసెంబరు 13న 23 మందిని సజీవంగా పట్టుకుంది. ఆ సంగతి దాదాపు అందరూ మర్చిపోయారు. ఏ ఓడా మునగలేదు కదా.

రెండో ప్రశ్నకు వద్దాం. 2008 తర్వాత పన్నెండేళ్లు తబర్ గురించి పెద్దగా వార్తలు లేవు. అంటే ఖాళీగా ఉందని కాదు. యుద్ధనౌక జీవితం మూడు భాగాలు: సముద్రంలో కాపలా, ఒడ్డున మరమ్మతు, ఆ మధ్యలో సిబ్బంది శిక్షణ. వార్తలయ్యేది మొదటి దాంట్లో చిన్న ముక్క మాత్రమే. పశ్చిమ నౌకాదళంలో ముంబై కేంద్రంగా ఉన్న ఓడకు పాకిస్తాన్ తీరం వైపు నిఘా, గల్ఫ్ వైపు కాపలా, విన్యాసాలు ఏడాది పొడవునా ఉంటాయి. వాటి వివరాలు బయటికి రావు, రాకూడదు కూడా.

ఇక్కడ ఇంజిన్ల గురించి కాస్త చెప్పనివ్వండి. తల్వార్ తరగతిలో నాలుగు గ్యాస్ టర్బైన్లుంటాయి. రెండు మామూలు ప్రయాణానికి, రెండు వేగం కావలసినప్పుడు. 14 నాట్ల దగ్గర ఓడ 4,850 నాటికల్ మైళ్లు వెళ్లగలదు. పెద్ద టర్బైన్లు ముట్టించి ముప్పై నాట్లకు తీసుకెళ్తే ఇంధనం నీళ్లలా కారిపోతుంది. ముంబై నుంచి ఏడెన్ దాకా సుమారు 1,650 నాటికల్ మైళ్లు. నెమ్మదిగా వెళ్తే అయిదు రోజులు. వెళ్లేసరికే మూడో వంతు ఇంధనం అయిపోతుంది, రావడానికి ఇంకో మూడో వంతు ఉంచుకోవాలి. కాపలాకు మిగిలేది మిగతా మూడో వంతే. అందుకే సలాలా లాంటి రేవులు, వెంట వచ్చే ట్యాంకరు ఓడలు అంత ముఖ్యం. కేక వినగానే బుల్లెట్‌లా దూసుకెళ్లడం సినిమాల్లో బాగుంటుంది. నిజంలో చీఫ్ ఇంజినీరు ముందు ఇంధనం లెక్క చూస్తాడు.

ఆ టర్బైన్లు రష్యావి కావు. ఉక్రెయిన్‌లోని మైకొలాయివ్ నగరంలో జోర్యా-మష్‌ప్రోయెక్త్ సంస్థ చేసినవి. 2014లో క్రైమియా గొడవ వచ్చాక ఉక్రెయిన్ రష్యాకు ఇంజిన్లు అమ్మడం ఆపేసింది. రష్యా తన సొంత నౌకాదళం కోసం కడుతున్న ఇదే నమూనా ఫ్రిగేట్లు సగంలో ఆగిపోయాయి. ఇంజిన్లు లేని ఆ హల్స్‌లో (ఓడ దేహాల్లో) రెండింటిని భారత్ కొనుక్కుంది, టర్బైన్లు మాత్రం ఉక్రెయిన్ నుంచి తానే తెప్పించుకుంది. అవే 2024 డిసెంబరులో చేరిన తుషిల్, 2025 జులైలో చేరిన తమాల్. యుద్ధంలో ఉన్న రెండు దేశాల పనితనం ఒకే ఓడలో ఉండటం నాకైతే ఇప్పటికీ వింతే.

2021 తబర్‌కు నిండైన సంవత్సరం. మే నెలలో కోవిడ్ రెండో అల దేశాన్ని ముంచెత్తినప్పుడు నౌకాదళం సముద్ర సేతు-2 కింద ఓడల్ని ఆక్సిజన్ కోసం పంపింది. మన విశాఖకు సింగపూర్ నుంచి ఐరావత్ ఓడ ఆక్సిజన్ తెచ్చింది. అటువైపు కువైట్ నుంచి తబర్, కొచ్చి అనే రెండు ఓడలు మన పడమటి తీరానికి ద్రవ ఆక్సిజన్ కంటైనర్లు, సిలిండర్లు చేరవేశాయి. ఫ్రిగేట్ సరుకు ఓడ కాదు. డెక్ మీద ఖాళీ అంటే హెలికాప్టర్ దిగే చోటే. పైన బరువు పెరిగితే ఓడ ఒరుగుడు మారుతుంది, అందులోనూ ద్రవ ఆక్సిజన్ నూనె మరక దగ్గరికి కూడా రాకూడని వస్తువు. దాన్ని కట్టుదిట్టంగా బిగించి అరేబియా సముద్రం దాటించడం వార్తల్లో ఒక వాక్యమే, సిబ్బందికి మాత్రం నిద్రలేని రాత్రులు.

నెల తిరగ్గానే అదే ఓడ యూరప్ వైపు సాగింది. అప్పటి కమాండింగ్ ఆఫీసరు కెప్టెన్ మహేశ్ మంగిపూడి, ఇంటిపేరు చూసి మీకు అర్థమయ్యే ఉంటుంది. సుమారు 300 మంది సిబ్బంది. జులైలో రష్యా నౌకాదళ దినోత్సవానికి సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరింది. పదిహేడేళ్లకు పుట్టింటికి వెళ్లినట్టు. బాల్టిక్ సముద్రంలో రష్యాతో ఇంద్ర అనే ఉమ్మడి విన్యాసాలు చేసి, ఆగస్టు 16న ఇంగ్లీష్ చానెల్‌లో బ్రిటన్ ఫ్రిగేట్ వెస్ట్‌మినిస్టర్‌తో కొంకణ్ విన్యాసాల్లో పాల్గొంది. మూడు వారాల తేడాలో రష్యాతోనూ, నాటో దేశంతోనూ. మన విదేశాంగ విధానం పుస్తకాల్లో చదవక్కర్లేదు, ఈ ఓడ దారి మ్యాపు మీద గీస్తే చాలు. 2024లో మళ్లీ అదే పని: అలెగ్జాండ్రియా, హాంబర్గ్, జులై చివర సెయింట్ పీటర్స్‌బర్గ్, ఆగస్టులో లండన్. ఈసారి రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మూడో ఏడు నడుస్తోంది. అయినా దారి మారలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది 2025 జూన్ 29. కాండ్లా నుంచి ఒమన్‌లోని షినాస్‌కు వెళ్తున్న యీ చెంగ్ 6 అనే ట్యాంకరులో ఇంజిన్ రూములో మంటలు లేచాయి. ఓడ మొత్తానికి కరెంటు పోయింది. పలావ్ అనే ద్వీపదేశపు జెండా ఉన్న ఓడ, అందులోని 14 మంది సిబ్బంది భారతీయ మూలాలవాళ్లు. ఒమన్ గల్ఫ్‌లో కాపలాలో ఉన్న తబర్ సహాయం కేక విని వెళ్లింది. సిబ్బందిలో కొందర్ని పడవల్లో తన మీదికి తెచ్చుకుంది. తర్వాత మంటలార్పే జట్టును, సామగ్రిని పడవలు, హెలికాప్టరు మీద ఆ ఓడలోకి పంపింది. నౌకాదళంవాళ్లు 13 మంది, ట్యాంకరు సిబ్బంది అయిదుగురు కలిసి మంటల్ని అదుపు చేశారు.

ఇంజిన్ రూము మంట అంటే ఏమిటో చూసినవాళ్లకే తెలుస్తుంది. పైనుంచి కిందికి దిగాలి, పొగ వేడి మీకు ఎదురొస్తుంది. కరెంటు లేకపోతే పంపులు లేవు, దీపాలు లేవు. అన్నీ వెంట తెచ్చుకోవాలి. నీళ్లు ఎక్కువ కొడితే ఓడ ఒరుగుతుంది, తక్కువ కొడితే మంట ట్యాంకుల వైపు పాకుతుంది. తన సొంత ఓడలో ప్రతి తలుపూ ఎటుందో చీకట్లో కూడా తెలిసేలా నావికుడికి శిక్షణ ఇస్తారు. పరాయి ఓడలో అదేమీ తెలియదు. అలాంటి చోటికి మనుషుల్ని పంపి, ఎవరి ప్రాణమూ పోకుండా వెనక్కి తెచ్చుకోవడం క్షిపణి పేల్చడం కంటే కష్టమైన పని.

చివరి ప్రశ్న, ఇంకెంతకాలం? మన నౌకాదళం ఓడల్ని త్వరగా వదలదు. గోదావరి 32 ఏళ్లు, గోమతి 34 ఏళ్లు, విశాఖలో 2021లో వీడ్కోలు తీసుకున్న రాజ్‌పుత్ 41 ఏళ్లు పనిచేశాయి. ఆ లెక్కన తబర్ 2030ల మధ్యదాకా తేలిగ్గా ఉండాలి. కానీ హల్ కంటే ముందు టర్బైన్లే ఆ తేదీని నిర్ణయిస్తాయి, వాటిని చేసిన మైకొలాయివ్ యుద్ధం మొదలైనప్పటి నుంచీ దాడులు ఎదుర్కొంటున్న ఊరు. గోవా షిప్‌యార్డ్‌లో ఇదే తరగతికి చెందిన త్రిపుట్ 2024లో, తవస్య 2025లో జలప్రవేశం చేశాయి. అవి చేతికొచ్చాక ఇక్కడే తయారైన విడిభాగాలు ఎంతవరకు తబర్‌కు అమరుతాయో చూసి మీ లెక్క మీరే వేసుకోవచ్చు.